ఇద్దరికీ ఒకటే ముక్కు

అక్కకి కాన్పయితే ఫోస్కా కొండమీది వేర్నియోకి సాయం వెళ్ళి, ఆదివారం మధ్యాహ్నం రైల్లో ప్రాతోకి తిరిగి వచ్చింది. ఇంటి తలుపు తీసిందో లేదో, కుళ్ళు కంపు ముక్కుకి కొట్టింది. లోపల ఏదో చచ్చిపడి ఉంది. ఎక్కడో కాదు, పడకగదిలోనే. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంగి చూస్తే, మంచం కింద గోడవారన ఉబ్బిపోయిన ఎలుక కనబడింది. చచ్చి ఎన్నాళ్ళయిందో, చీమలు బారులు తీరి ఉన్నాయి.

మొగుడు బ్రునేరో వంటింట్లో ఉన్నాడు. నిన్నటి చిక్కుడు గింజల మీద ఉల్లిపాయ తరుక్కుని, రొట్టె అద్దుకుని తింటున్నాడు.

"ఈ కంపులో ముద్ద ఎలా దిగుతోంది నీకు?"

"ఏ కంపు?"

"ఏ కంపా! నువ్వు పడుకునే మంచం కింద ఎలుక చచ్చి కుళ్ళిపోతోంది. ఇన్నాళ్ళూ దాని మీదే పడుకున్నావా?"

అతని చేతిలో రొట్టెముక్క ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత మామూలుగా నోట్లో పెట్టుకుని, "ఓ, అదా. ఏదో వస్తోందిలే అనుకున్నా. కాలవ కంపేమో అనుకున్నా" అన్నాడు.

ఇంటి వెనక కాలవ ఉన్నమాట నిజమే. ఊళ్ళో రంగుల కార్ఖానాలన్నీ కడిగిన నీళ్ళు అందులోకే వదులుతాయి. ఎండాకాలంలో అది కంపు కొట్టినమాటా నిజమే. కానీ ఇది నవంబరు. పైగా కాలవ కంపు వేరు, కుళ్ళిన ఎలుక కంపు వేరు. ఫోస్కా పారతో ఎలుకని తీసి బయట పారేసి, నేలంతా సోడా నీళ్ళతో కడిగింది. చేతులు కడుగుతున్నాయి గానీ మనసు మాత్రం ఒకే చోట తిరుగుతోంది. బ్రునేరో చేసే పని మామూలు పనైతే ఆమె ఇంతలా ఆలోచించేది కాదు.

బ్రునేరో పనిచేసేది ఆసిడ్ షెడ్డులో.

యుద్ధం అయ్యాక ప్రాతో ఊరంతా చింకి గుడ్డల మీదే బతుకుతోంది. అమెరికా నుంచీ జర్మనీ నుంచీ పాత కోట్లూ, సిపాయిల దుప్పట్లూ, చొక్కాలూ బేళ్ళకి బేళ్ళు దిగుతాయి. వాటిని చించి, పీచు చేసి, ఆ పీచుతో మళ్ళీ నూలు వడికి, కొత్త గుడ్డ నేసి అమ్ముతారు. అసలైన ఉన్ని గుడ్డ దొరికితే చిక్కు లేదు, నేరుగా పీచు తీసే మిషనులో వేయొచ్చు. చిక్కంతా కలనేతలతోనే. పడుగు పత్తి, పేక ఉన్ని. ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్న ఆ దారాల్ని ఏ చేతులూ విడదీయలేవు. అందుకే వాటిని పెద్ద ఇనప డ్రమ్ములో వేసి, మూత బిగించి, వేడి చేసి, లోపలికి ఆసిడ్ ఆవిరి పంపిస్తారు. డ్రమ్ము రాత్రంతా తిరుగుతుంది. ఆవిరి పత్తిని తినేస్తుంది, ఉన్ని జోలికి పోదు. పొద్దున్న మూత తీసి గుడ్డల్ని కొడితే పత్తి నల్లటి పొడిలా రాలిపోయి, ఉన్ని ఒక్కటే చేతిలో మిగులుతుంది.

ప్రాణం మీదికి వచ్చేది ఆ మూత తీసేటప్పుడే. లోపలి ఆవిరినంతా ఫ్యాను పీల్చి పొగగొట్టంలోకి తోసేయాలి. తోసేసిందో లేదో చెప్పే యంత్రం ఏదీ ఆ షెడ్డులో లేదు. డ్రమ్ము పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. దాని బిరడా తీసి, అరచేత్తో గాలిని తన వైపు విసురుకుని వాసన చూడాలి. ఘాటు ఉంటే ఆగాలి. ఘాటు చచ్చాకే మూత బోల్టులు విప్పాలి. కళ్ళ మంటా దగ్గూ వాళ్ళకి పొద్దస్తమానం ఉండేవే కాబట్టి వాటిని నమ్మడానికి లేదు. ముక్కునే నమ్మాలి. ఆ షెడ్డులో ఆ పని బ్రునేరోది.

మర్నాడు పొద్దున్న ఫోస్కా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది.

"ఏంటీ చిన్నపిల్లల ఆటలు? పనికి టైమవుతోంది."

"మూసుకో. ఒక్క నిమిషం."

కాఫీ డబ్బా మూత తీసి అతని ముక్కు కింద పెట్టింది. "ఇదేంటి?"

అతను గట్టిగా గాలి పీల్చాడు. "సబ్బు."

బట్టల సబ్బు బిళ్ళ పెట్టింది. "ఇది?"

"కాఫీ. అయిపోయిందా నీ పరీక్ష?" అని కళ్ళు తెరిచి, భార్య చేతిలో సబ్బు బిళ్ళ చూశాడు. నెత్తురు మొహంలోకి పొంగింది. కుర్చీ తోసుకుంటూ లేచాడు. తలుపు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాడు.

"ఎప్పణ్ణించి?" అంది ఫోస్కా.

"పోయిన చలికాలం నుంచి. మొదట్లో అప్పుడప్పుడూ వచ్చేది. ఇప్పుడు అదీ లేదు."

"మరి ఆ రంధ్రం దగ్గర ఏం చేస్తున్నావు రోజూ?"

"ఇన్నేళ్ళ అలవాటు. ఫ్యాను ఎంతసేపు తిరిగితే ఎంత పోతుందో నాకు తెలుసు. వాసన చూసినట్టు నటిస్తా, ఇంకాస్త ఆగి తెరుస్తా. ఏమీ కాలేదుగా!"

"ఫ్యాను ఆగిపోతే?"

"ఆగితే చప్పుడు ఆగుతుంది. చెవులున్నాయి నాకు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఫోస్కా, ఈ మాట ఈ ఇంటి గడప దాటకూడదు. తెలిస్తే యజమాని సోర్ అమేరిగో నన్ను దుమ్ము గదిలో వేస్తాడు. ఆడవాళ్ళ మధ్య కర్ర పట్టుకుని గుడ్డలు కొట్టుకుంటూ కూర్చోవాలి. నా తరం కాదు. ప్రమాణం చెయ్యి."

ఫోస్కా ప్రమాణం చేయలేదు. చేయనని కూడా అనలేదు. అతను దాన్నే ఒప్పుకోలు అనుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆమెకి పని మీద మనసు నిలవలేదు. ఆమె పనిచేసేది సోర్ అమేరిగో గుడ్డల కొట్టులోనే, కాలవకి ఇవతలి గట్టున. కిటికీ దగ్గర తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చుని, ముందు గుట్టగా పోసిన గుడ్డల్లోంచి ఒక్కొక్కటే తీసి, కుట్లు విప్పి, బొత్తాలు కోసి, వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది. అసలు ఉన్ని కుడివైపు బుట్టలోకి, కలనేత ఎడమవైపు బుట్టలోకి. ఎడమ బుట్ట నిండగానే బండివాడు దాన్ని కాలవ అవతలికి, బ్రునేరో షెడ్డుకి పట్టుకుపోతాడు. ఇన్నేళ్ళూ ఆమె ఆ బుట్ట గురించి ఆలోచించింది లేదు. ఇప్పుడు ఎడమవైపు వేసే ప్రతి గుడ్డా తానే మొగుడి మెడలో వేస్తున్న రాయిలా అనిపించసాగింది. బుట్ట నిండితే డ్రమ్ము నిండుతుంది. డ్రమ్ము నిండితే రేపు పొద్దున్న మూత తెరవాలి.

మొదట ఒకటీ అరా అనుమానపు గుడ్డల్ని కుడివైపు వేసింది. తర్వాత అనుమానం లేనివి కూడా వేసింది. అలా చేస్తే ఎడమ బుట్ట నెమ్మదిగా నిండుతుంది, డ్రమ్ము ఒక రోజైనా తక్కువ తిరుగుతుంది అని ఆమె లెక్క. అది తప్పని తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు. పొద్దున్న పూట కాలవ అవతల ఆసిడ్ షెడ్డు పొగగొట్టం వైపు చూస్తూ, ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని వంతెన వైపు చూస్తూ, మధ్యలో గుడ్డ ఎటు వేసిందో తనకే గుర్తులేని రోజులు కూడా ఉన్నాయి. కాలవ మీద ఏ అరుపు వినబడ్డా స్టూలు మీంచి లేచేది. తీరా చూస్తే బండివాడు గాడిదని తిడుతుండేవాడు.

క్రిస్మస్‌కి ముందు సోర్ అమేరిగో కొట్టులోకి వచ్చి, ఆమె ఒళ్ళో ఒక నల్ల కోటు గుడ్డ పడేశాడు. నల్లగుడ్డ నిండా తెల్ల చుక్కలు.

"చూడు. చుండ్రు రాలినట్టు లేదూ? ఉన్నికి పట్టిన రంగు పత్తికి పట్టలేదు. నేతగాడు తెచ్చి నా మొహాన కొట్టాడు. ఇదెవరి బుట్టలోంచి వెళ్ళిందో కనుక్కున్నా. నీ వేళ్ళకి ఏమొచ్చింది ఫోస్కా? మా నాన్న కాలం నుంచీ ఉన్నావు, నీ బుట్ట మళ్ళీ చూసే పనే లేదనుకున్నా."

"కళ్ళు సరిగ్గా ఆనడం లేదు సోర్ అమేరిగో."

"గుడ్డ చూసేది కళ్ళతోనా? ఎవరికి చెప్తావు ఆ కబుర్లు?" అని కాసేపు ఆమె వైపే చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అయినా కోపం వస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "ఇంట్లో ఏమైనా గొడవా? బ్రునేరో చెయ్యి చేసుకుంటున్నాడా?"

"అయ్యో, లేదండీ!"

"అయితే సరిగ్గా చెయ్యి. ఇంకోసారి ఇలాంటిది వస్తే ఊరుకోను."

చెప్పేయడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దుమ్ము గదిలో కర్ర పట్టుకుని తల దించుకుని కూర్చున్న బ్రునేరో కళ్ళ ముందు మెదిలాడు. మాట మింగేసింది. ఆయన వెళ్ళిపోయాక తనని తానే తిట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే ఆమె నేదో కోసం వంతెన దగ్గర కాపు కాసింది. నేదో బ్రునేరోకి జోడీ. డ్రమ్ము అవతలి వైపు నిలబడేవాడు. మూతకి ఆ వైపు బోల్టులు విప్పేవాడు. చిన్నప్పటి నుంచి స్నేహితులు, యుద్ధంలో కూడా కలిసే ఉన్నారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి కూస్తూ ఉంటాడు. ఆమెని చూసి సైకిలు దిగాడు.

"ఏంటమ్మోయ్, నా కోసమేనా? బ్రునేరోకి తెలిస్తే నన్ను కాలవలో ముంచుతాడు."

"నవ్వకు నేదో. నీతో ఒక మాట చెప్పాలి. చెప్పకూడదు గానీ చెప్పాలి." ఆమె సైకిలు హ్యాండిలు పట్టుకుంది. "బ్రునేరోకి వాసన తెలియడం లేదు. అస్సలు తెలియడం లేదు."

నేదో సైకిలు బెల్లు మీద వేలితో కొడుతూ నిలబడ్డాడు. "ఇంతేనా?"

"ఇంతేనా ఏంటి!"

"పిచ్చి మొహమా, నాకు ఏడాది నుంచీ తెలుసు. ఒకరోజు నేను లంచ్‌కి తెచ్చుకున్న చేప చెడిపోయింది. షెడ్డులో గోడలు కూడా ముక్కు మూసుకున్నాయి. నీ మొగుడు దాని పక్కనే కూర్చుని నవ్వుకుంటూ తింటున్నాడు. అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి అతను రంధ్రం దగ్గర వాసన చూసే లోపే నేను చూస్తున్నా. అతను సరే అన్నా, నేను 'ఆగరా, నా వైపు బోల్టు పట్టేసింది' అంటా. ఘాటు పోయాక బోల్టు అదే వదులుతుంది." తన ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. "చూడు, దేవుడు ఎంత పొడుగు పెట్టాడో. ఇద్దరికి సరిపడా ఉంది."

ఫోస్కా వంతెన గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నేదో కంగారుపడి అటూ ఇటూ చూశాడు. "ఏడవకమ్మా, దారిన పోయేవాళ్ళు నేనేదో చేశాననుకుంటారు."

"మాటివ్వు. అతన్ని ఒక్కణ్ణీ ఎప్పుడూ తెరవనివ్వనని."

"ఇచ్చా. జ్వరం వచ్చినా, కాలు విరిగినా వస్తా. సరేనా?"

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె ఊపిరి పీల్చుకుంది. బుట్టలు మళ్ళీ సరిగ్గా నిండాయి. ఇంట్లో మాత్రం ఆ ఊసు ఎత్తలేదు. బ్రునేరో అన్నం ముందు కూర్చుని గిన్నె మీదికి వంగి, ఒకప్పటి అలవాటు కొద్దీ ఆవిరి పీల్చి, ఏమీ రాక మెల్లగా తల పైకెత్తడం చూసినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకునేది.

ఫిబ్రవరిలో చలి ముదిరింది. ఒకరోజు పొద్దున్నే పనికి పోయే దారిలో రొట్టెల కొట్టు దగ్గర నేదో భార్య ఆర్జియా కనబడింది. శాలువా తల నిండా కప్పుకుని వరసలో నిలబడి ఉంది.

"రా ఫోస్కా, నా ముందుకి రా. ఎవరూ ఏమనుకోరు. నాకు తొందర్లేదు. మా మహారాజు పనికి వెళ్ళిపోయాడుగా, ఇంక ఎవరికి వండాలి?"

"నేదో ఎలా ఉన్నాడు?"

"ఏం ఉండడం! మూడు రోజులుగా జలుబు. ముక్కు రెండు వైపులా బిరడా కొట్టినట్టు మూసుకుపోయింది. నిన్న నేను క్యాబేజీ మాడబెట్టా, వీధి చివరి వాళ్ళు కూడా వచ్చి అడిగారు. ఆయన మాత్రం 'బాగుంది' అని తినేశాడు! ఇంట్లో పడుకోమంటే వినడు. బ్రునేరోని ఒక్కణ్ణీ వదలకూడదట. ఏం స్నేహమో తల్లీ! నేను చచ్చిపోతున్నా అన్నా ఇంత పట్టించుకోడు... ఫోస్కా? ఏమైంది? ఎక్కడికి?"

ఫోస్కా అప్పటికే పరిగెడుతోంది.

చెక్క చెప్పులు జారుతుంటే విడిచి చేత్తో పట్టుకుంది. తర్వాత వాటినీ ఎక్కడో పారేసింది. రాళ్ళు చల్లగా కాళ్ళని కొరుకుతున్నాయి. ఈపాటికి డ్రమ్ము ఆగిపోయి ఉంటుంది. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఫ్యాను సరిగ్గా తిరుగుతుంటే ఏం కాదు. ఇన్నేళ్ళ అలవాటు అన్నాడు, చెవులున్నాయి అన్నాడు. మరి ఫ్యాను తిరుగుతూనే పీల్చకపోతే? పోయిన వారం బ్రునేరోయే అన్నాడు కదా, బెల్టు వదులైంది, మొద్దుచప్పుడు చేస్తోంది, అమేరిగోకి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిందని. ఆమె మరియ తల్లిని పిలుస్తూ పరిగెత్తింది. పిలుపులో మిగతా మాటలేవీ గుర్తురాలేదు. తల్లీ, తల్లీ అని అదే మాట.

వంతెన దాటగానే ఫ్యాను చప్పుడు వినబడింది. ప్రాణం లేచి వచ్చింది. షెడ్డు తలుపు తోసి లోపలికి అడుగు పెట్టేసరికి ఆ ఘాటు మొహం మీద చరిచినట్టు తగిలింది. గొంతు పట్టేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

డ్రమ్ముకి అటొకరూ ఇటొకరూ నిలబడి ఉన్నారు. బ్రునేరో చేతిలో పానా ఉంది. తన వైపు బోల్టులు అప్పటికే విప్పేసి, చివరిదాని మీద ఉన్నాడు. నేదో మెడ చుట్టూ ఉన్ని గుడ్డ చుట్టుకుని, ఎర్రటి ముక్కు తుడుచుకుంటూ, తన వైపు బోల్టుల్లో మిగిలిన ఒకదాన్ని తిప్పుతున్నాడు.

"ఆపండి! ఆపండి, ఆవిరి పోలేదు!"

ఇద్దరూ తిరిగి చూశారు. బ్రునేరో మొహం ముడుచుకుంది. "ఇక్కడికెందుకొచ్చావు? చెప్పుల్లేకుండా ఏంటీ అవతారం? ఇంటికి పో."

"కంపు కొడుతోంది బ్రునేరో! ఊపిరి ఆడడం లేదు నాకు!"

"నీకు అలవాటు లేదు, అందుకే. నేను చూశాను. ఏరా నేదో, ఉందా ఘాటు?"

నేదో ముక్కు ఎగపీల్చి చూశాడు. ఆమె మొహం చూశాడు. కారుతున్న ఆమె కళ్ళు చూశాడు. పాలిపోయాడు. "నాకేం రావడం లేదు" అన్నాడు మెల్లగా. "జలుబు చేసినప్పటి నుంచి ఏదీ రావడం లేదురా. ఘాటు పోయిందనే అనుకున్నా. ఫ్యాను తిరుగుతోంది కదా, పోయే ఉంటుందిలే అనుకున్నా."

"నీకెందుకు రావాలి? చూడాల్సింది నేను కదా?" అన్నాడు బ్రునేరో. అని, తన మాట తనకే వినబడినట్టు ఆగాడు. నేదోని చూశాడు, భార్యని చూశాడు. ఇన్నాళ్ళూ తన బదులు నేదోయే వాసన చూస్తున్నాడని అతనికి అప్పుడు అర్థమైంది.

అంతలో మూత పట్టు వదిలింది. అంచు దగ్గర సన్నటి చీలిక. దానిలోంచి తెల్లటి పొగలాంటిది బుస్సుమంటూ వచ్చి నేల మీద పాకింది. నేదో రెండడుగులు వెనక్కి వేసి, వంగిపోయి దగ్గడం మొదలుపెట్టాడు. ఫోస్కా అతని చొక్కా పట్టుకుని తలుపు వైపు లాగింది.

"బ్రునేరో, రా! వదిలేసి రా!"

అతను రాలేదు. డ్రమ్ము వెనక చెక్క గోడ ఉంది. ఆ గోడకి అవతలే దుమ్ము గది. అక్కడ ఆడవాళ్ళు కర్రలతో గుడ్డలు కొడుతున్న చప్పుడు దబదబా వినబడుతూనే ఉంది. మూత తెరుచుకుంటే అంతా ఆ చెక్కల సందుల్లోంచి అటే పోతుంది. బ్రునేరో మెడగుడ్డ నోటికి అడ్డం లాక్కుని, భుజంతో మూతని నొక్కిపెట్టి, పానాతో బోల్టు బిగించసాగాడు. ఒకటి బిగించి, రెండోదానికి వెళ్ళాడు. కళ్ళు మూసుకునే చేస్తున్నాడు, చేతులకి దారి తెలుసు.

ఫోస్కా నేదోని బయట పడేసి, దుమ్ము గది తలుపు బాది, "బయటికి రండి! అందరూ బయటికి!" అని అరిచింది. కర్రల చప్పుడు ఆగింది. ఆడవాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని, నల్లటి పొడిలో మునిగి, ఏంటేంటంటూ బయటికి వచ్చారు. ఆమె మళ్ళీ షెడ్డు వైపు పరిగెత్తేసరికి, బ్రునేరో తలుపు దగ్గర చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ కనబడ్డాడు. ఆడవాళ్ళంతా కలిసి అతన్ని కాలవ గట్టుకి ఈడ్చుకెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టారు. అతను ఊపిరి లాగితే గొంతులోంచి చిరిగిన గుడ్డలాంటి శబ్దం వచ్చింది. ఫోస్కా అతని తల ఒళ్ళో పెట్టుకుని, ఆ శబ్దం ఆగకూడదని, ఆగకూడదని దాన్నే వింటూ కూర్చుంది.

ఆగలేదు. ఆస్పత్రిలో చాలా రోజులు పడుకోబెట్టారు గానీ బతికాడు. నేదో వారంలో తిరిగి లేచాడు.

సోర్ అమేరిగో ఆస్పత్రి వరండాలోనే ఎగిరాడు. "ఇద్దరు మగాళ్ళు! ఇద్దరికీ కలిపి ఒక్క ముక్కు లేదు! నా షెడ్డుని శ్మశానం చేసేవాళ్ళు. నాకెందుకు చెప్పలేదు?"

"తప్పు నాదండీ" అన్నాడు నేదో, టోపీ చేతిలో నలుపుతూ.

"తప్పు అందరిదీ" అంది ఫోస్కా. ఆయన ముందు ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి. "మేం దాచాం, నిజమే. కానీ ఫ్యాను బెల్టు జారుతోందని మీకెన్నిసార్లు చెప్పారు? చప్పుడు చేసుకుంటూ తిరుగుతోంది, పీల్చడం లేదు. ముక్కు బాగున్నవాడు నిలబడ్డా ఏదో ఒకరోజు ఇదే జరిగేది."

గది లోపల దగ్గు వినబడి సోర్ అమేరిగో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. బెల్టు మార్పించాడు. డ్రమ్ముకీ దుమ్ము గదికీ మధ్య ఇటుక గోడ కట్టించాడు. బ్రునేరోని మాత్రం మళ్ళీ డ్రమ్ము దరిదాపులకి రానివ్వలేదు.

ఫోస్కాని అంతకన్నా బాధపెట్టింది మొగుడి మౌనం. ఆస్పత్రిలో ఆమె వెళ్తే గోడ వైపు తిరిగేవాడు. ఇంటికి వచ్చాక కూడా ఉప్పు ఇవ్వు, తలుపు వెయ్యి, అంతే. ఒక రోజు ఆమె ఇక పట్టలేక, "ఏం చేశాను నేను? బతికించడం తప్పా?" అని అడిగింది.

"బతికించినందుకు కాదు" అన్నాడు బ్రునేరో. దగ్గు ఆగేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. "నువ్వూ వాడూ కలిసి, గుడ్డివాణ్ణి చెయ్యి పట్టి నడిపించినట్టు నన్ను నడిపించారు. నేనేమో ముందు నేనే నడుస్తున్నాననుకున్నా. 'బోల్టు పట్టేసింది' అంట! రోజూ పట్టేస్తుందా బోల్టు? నేను వాణ్ణి చేతకానివాడని వెక్కిరించేవాణ్ణి."

"నడిపించాం. నీతో చెప్తే వినేవాడివా?"

"వినేవాణ్ణి కాదు" అని మాత్రం అన్నాడు. ఆ పూట ఆమె వడ్డించిన రొట్టె పులుసు ఇంకోసారి అడిగి వేయించుకున్నాడు.

దుమ్ము గదికి అతను వెళ్ళలేదు, ఆ ఊపిరితిత్తులతో డాక్టరు వెళ్ళనివ్వనూ లేదు. ఈస్టర్ అయ్యాక గాడిద బండి తీసేసి, సోర్ అమేరిగో మూడు చక్రాల మోటారు బండి కొన్నాడు. దాన్ని నడపడానికి బ్రునేరోని పెట్టాడు. స్టేషను నుంచి బేళ్ళు కొట్టుకి తేవడం, కొట్టు నుంచి కలనేత బుట్టలు షెడ్డుకి చేరవేయడం అతని పని. అతని జాగాలో నేదో, నేదో జాగాలో కొత్తగా వచ్చిన ఒకతనూ డ్రమ్ము దగ్గర నిలబడుతున్నారు. నేదో ఆదివారాలు భోజనానికి వస్తూనే ఉన్నాడు. బ్రునేరో అతన్ని మునుపటిలాగే తిడుతున్నాడు. కాకపోతే ఇప్పుడు తిట్టే ముందు అతని గ్లాసులో వైన్ నింపుతున్నాడు.

గాలి తగిలే పని, మంచిదే అని అందరూ అన్నారు. ఫోస్కా మాత్రం కుదుటపడలేదు. ఇప్పుడామెకి భయపడడానికి రోడ్డంతా దొరికింది. బ్రునేరోకి నడపడం కొత్త. మలుపుల్లో బండి ఒక పక్కకి వాలుతుంది. బేళ్ళు తలెత్తు పైన ఉంటాయి. ఒక శనివారం స్టేషనుకి వెళ్తుంటే తానూ వస్తానని పట్టుబట్టి, ఆ ఇరుకు ముందు సీట్లో అతని పక్కన ఎక్కి కూర్చుంది.

"నెమ్మదిగా."

"గాడిద కూడా మనల్ని దాటిపోతోంది, ఇంకెంత నెమ్మది?"

"ఎదర లారీ!"

"ఫోస్కా, లారీ ఆగి ఉంది."

బేళ్ళు ఎక్కించుకుని తిరిగి వస్తుంటే, నది పక్క రోడ్డు మీద ఆమె ఉన్నట్టుండి నిటారుగా కూర్చుంది. కిటికీ వైపు మొహం తిప్పుకుంది. బ్రునేరో ఒక కంటితో చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి బండి నెమ్మది చేశాడు.

"ఏదైనా వాసన వస్తోందా?"

"పెట్రోలు. ముందు పోయే బస్సుదేమోలే."

"బస్సుదైతే బస్సుదే. నాకు తెలీదు కదా, నువ్వు చెప్పాలి." బండిని రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. దిగి, సీటు ఎత్తి, ట్యాంకు మూత పట్టుకుని చూశాడు. మూత వదులుగా ఉంది. గుంటల్లో కుదుపులకి పెట్రోలు ఒలికి కిందికి కారింది. మూత బిగించి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని దూరంగా గడ్డిలోకి విసిరేశాడు.

"ఇప్పుడు?"

"ఇంకా కాస్త వస్తోంది."

"అయితే ఆగుదాం" అని అతను వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. వెనక ఇంకో బండివాడు హారను కొట్టి, పేరు పెట్టి తిట్టాడు. బ్రునేరో పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపాడు. కింద నది ఆ రోజు ఎర్రగా పారుతోంది, ఎవరో ఎర్ర రంగు అద్దకం వేస్తున్నట్టున్నారు. ఫోస్కా బండి దగ్గరే నిలబడి, గాలి పీలుస్తూ, ఇంకా కాదు, ఇంకా కాదని తల అడ్డంగా ఊపుతూ ఉంది. అతను తొందరపెట్టలేదు.